గొడుగు కింద ఊరేగిన ఫోన్ డబ్బా

"ఆపితే ఓ పట్టాన లేవదండీ! అదీ అసలు గొడవ. మామూలు సామానైతే ఎత్తి బండిలో పడేసి తెచ్చుకోమా? దీన్ని మాత్రం బతికుండగానే తేవాలి," అంటూ ఫోనక్క, కొత్త ఆఫీసు చూడ్డానికొచ్చిన నాకు చూపిస్తూ, బల్ల పక్కనున్న బూడిదరంగు డబ్బాను పసిబిడ్డ వీపు నిమిరినట్టు నిమిరింది.

ఆమె పని చేసేది లిఫ్టులు బాగుచేసే కంపెనీలో. ఊళ్ళో ఎక్కడైనా లిఫ్టు ఆగిపోయి, లోపలివాళ్ళు గంట బొత్తాం నొక్కితే ఆ పిలుపు ఈ డబ్బాలో పడి ఆమె చెవికి చేరుతుంది. ఆమె వాళ్ళకు ధైర్యం చెప్పి, దగ్గర్లో ఉన్న మెకానిక్కును తోలుతుంది. డబ్బాకు తాతయ్య అని పేరు పెట్టింది కూడా ఆమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో అది మొరాయించింది. బాగుచేసేవాడు ఎంతకీ రాకపోతే, తనే మూత విప్పి తీగ తీగనూ పలకరించి దాని మనసు కనిపెట్టింది.

"ఒకసారి కరెంటు పోయి తాతయ్య పడుకున్నాడు. పగలంతా లేవలేదు. సరిగ్గా ఆ పూటే ఒక పళ్ళ డాక్టరు ఇరుక్కున్నాడండీ. గంట కొడుతున్నాడు, కొడుతున్నాడు, ఎత్తే దిక్కు లేదు. పిల్లల కోసం కొన్న ఐస్‌క్రీములు కళ్ళ ముందే కరిగిపోతుంటే చూడలేక అన్నీ ఆయనే తినేశాడట. బయటపడ్డాక నన్ను తిట్టడానికని నోరు తెరిస్తే పళ్ళు జివ్వుమని మాట రాలేదు!" పకపకా నవ్వింది. అంతలోనే సర్దుకుంది. "ఆయన కాబట్టి నవ్వుకున్నాం. అదే ఏ గుండెజబ్బు మనిషో అయితే?"

అందుకే ఆఫీసు పక్క వీధికి మారాలన్నప్పుడు ఆమెకు తిండి సహించలేదు. కొత్త డబ్బా ఇంకా రాలేదు. పాత గది ఖాళీ చేయాల్సిన రోజు మాత్రం వచ్చి కూర్చుంది.

"ఒక్క పూట ఫోన్లు ఆపేద్దామమ్మా, కొంపలేం మునగవు," అన్నాడు యజమాని.

"కొంపలు మునగవు సార్, మనుషులు మధ్యలో వేలాడతారు," అందీమె.

కంప్యూటర్లను ముందే దాటించింది. కొత్త గదిలో ఒకటి వెలిగాకే పాత గదిలో ఒకటి ఆర్పాలి. అదీ ఆమె పెట్టిన షరతు. అలా ఒక్కొక్కటీ తరలిపోగా చివరికి తాతయ్య మిగిలాడు. ఈ పొద్దున ఆయనకు బ్యాటరీ తగిలించి, గోడ తీగకు బదులు గాల్లోంచి పిలుపులందుకునేలా సిమ్ము వేసి, చక్రాల బండి ఎక్కించారు. బండి తోసింది ఆమె మరిది, అదే కంపెనీలో మెకానిక్కు. డబ్బాకు తగిలించిన హెడ్‌ఫోను పెట్టుకుని, తల్లిని వదలని దూడలా పక్కనే ఈమె. ఎండకు డబ్బా వేడెక్కుతుందని గొడుగు పట్టింది అత్తగారు. కోడలికి అన్నం తెచ్చి, ఈ సంబరం చూశాక ఇంటికి పోతే ఒట్టు!

దారిలో పిలుపులు రానే వచ్చాయి. ఈమె వీధి మధ్యలో నిలబడి "నమస్కారం, కంగారు పడకండి" అంటే, ఎదురొచ్చేవాళ్ళు ప్రతినమస్కారం పెట్టి మరీ కంగారు పడ్డారు.

"ఎవరమ్మా లోపల?" అని అడిగిందొక ఆవిడ.

"మా తాతయ్య," అన్నాడు మరిది నోరు జారి. ఆవిడ చెప్పులు విడిచి పక్కకు తప్పుకుంది.

కొత్త ఆఫీసు అయిదో అంతస్తు. లిఫ్టు పాతకాలందే అయినా దాన్ని చూసుకునేది వీళ్ళ కంపెనీయే. బండీ ముగ్గురూ ఎక్కారు. మూడు దాటింది. నాలుగు రాలేదు. లిఫ్టు ఆగిపోయింది.

"నీ పనిముట్లేవి?" అంది ఫోనక్క.

"ముందు బండిలో పైకి పంపేశాను వదినా."

"బాగుంది సంబడం! ఊరందరి లిఫ్టులూ దించేవాడివి."

మరిది ఉక్రోషంతో గంట బొత్తాం నొక్కాడు. నొక్కగానే ఫోనక్క చెవిలో గంట మోగింది. ఆమెకు చెయ్యీ నోరూ అలవాటుగా కదిలిపోయాయి.

"నమస్కారం, కంగారు పడకండి. ఎక్కడున్నారు మీరు?"

"నీ పక్కనే ఉన్నాను వదినా!"

"ఎంతమంది ఉన్నారు?"

"ముగ్గురం. తాతయ్యతో కలిపి నలుగురం."

"గ్రిల్ తలుపు పూర్తిగా మూశారా?"

"ఆ ప్రశ్నలు జనానికి! నేను మెకానిక్కుని!"

ముగ్గురికీ నవ్వు పట్టుకుంది. అత్తగారైతే గొడుగు కర్ర పట్టుకుని ఊగిపోయింది. ఆ నవ్వులోనే బ్యాటరీ కుయ్యోమని అరవడం మొదలుపెట్టింది. ఎర్రదీపం. బ్యాటరీ అయిపోతే తాతయ్య పడుకుంటాడు, ఊరికి చెవుడొస్తుంది.

అప్పుడే మళ్ళీ మోగింది. ఈసారి నిజం పిలుపు. వణుకుతున్న మగగొంతు. ఎక్కడో లిఫ్టులో ఒక్కడే ఉన్నాడు, చేతుల్లో చేపల తొట్టి.

"నీళ్ళు ఒలుకుతున్నాయండీ, రెండు చేపలున్నాయి!"

"తొట్టి కింద పెట్టి, మీరు పక్కన కూర్చోండి. గ్రిల్ తలుపు పూర్తిగా మూసుందా?"

"మూసే ఉందండీ."

ఖాళీగా ఉన్న మెకానిక్కు ఒక్కడే. వీళ్ళ కోసం అయిదో అంతస్తులో ఎదురుచూస్తున్నాడు. ఫోనక్క అతనికి ఫోను కలిపి, "చేపలాయన దగ్గరికి పరిగెత్తు," అంది.

"మరి మనం? తాతయ్య?" మరిది మొహం పాలిపోయింది.

"మనకు మనం తోడున్నాం. పాపం అక్కడాయన ఒంటరి."

"ఆ మాత్రం నిబ్బరం ఉండాలే," అంది అత్తగారు.

బ్యాటరీ కుయ్యోమంటూనే ఉంది. ఏం చేయాలో తోచక ఫోనక్క మరిదిని మళ్ళీ అడిగింది: "ఆ చేపలాయన జవాబు చెప్పాడు, నువ్వు చెప్పలేదు. గ్రిల్ మూసుందా?"

"వదినా, ఎన్నేళ్ళ నుంచీ ఇదే పని..." అంటూ తిరిగి చూశాడు. ఫ్యాను గాలికి తాతయ్యకు జలుబు చేస్తుందన్నట్టు అత్తగారు లోపల కూడా తెరిచే పట్టుకున్న గొడుగు ఊచ ఒకటి గ్రిల్ సందులో దూరి, తలుపును వేలెడు తెరిచి లిఫ్టును ఆపేసింది.

"అమ్మా! గొడుగు!"

"నేనేం చేశానురా?" అంటూ అత్తగారు టప్పున మడిచింది. తలుపు కరుచుకుంది. లిఫ్టు కదిలింది. అయిదులో తలుపు తీసీ తీయగానే మరిది బండితో ఉరికాడు. ప్లగ్గు పెట్టాడు. ఎర్రదీపం పచ్చబడింది. తాతయ్యకు రెప్ప కూడా పడలేదు.

"చేపలు?" అన్నాన్నేను.

"రెండూ క్షేమం. ఆయనే నడుం దాకా తడిశాడు," అంటూండగానే ఆమె హెడ్‌ఫోను మోగింది. "నమస్కారం, కంగారు పడకండి..." అని, మైకును అరచేత్తో మూసి, గబగబా నావైపు వంగింది.

"మీరు లేవండి లేవండి! ఇక్కడి వాచ్‌మన్ బాబాయి కరెంటు ఆదా అని మధ్యాహ్నం మెయిన్ స్విచ్చు దించేస్తాడట, ఇప్పుడే మా మరిది మెసేజీ పెట్టాడు. బ్యాటరీ ఇంకా సగం కూడా నిండలేదు. ఈ పూటకు స్విచ్చు జోలికి పోవద్దని ఆయనకు చెప్పండి, మీకు పుణ్యముంటుంది. మెట్ల మీంచే వెళ్ళండేం? లిఫ్టెక్కి ఇరుక్కున్నారంటే మిమ్మల్నీ నేనే ఓదార్చాలి!"