కళ్లు మూసుకునే విమర్శకుడు

రిటైరైన హెడ్మాస్టారు ఇప్పుడు పరీక్ష పేపర్లకు బదులు సినిమాలు దిద్దుతున్నారు. రోజుకొకటి చూస్తారు. అయిపోగానే కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఒంటివేలితో ఫోన్లో తన అభిప్రాయం టైపు చేసి అందరూ చదివేలా పెడతారు. నక్షత్రాలు మాత్రం, ఒకప్పటి మార్కుల్లాగే, చెయ్యి బిగించి వేస్తారు. తెర మీద శృంగారం మొదలైతే కళ్లు గట్టిగా మూసుకోవడం ఆయన నియమం. పక్కన బఠాణీలు ఒలుచుకునే భార్య, ఆ ఘట్టం గడిచాక “అయిపోయిందండీ” అంటుంది. అప్పుడు తెరుస్తారు.

మొన్న చూసిన ఇటాలియన్ సినిమాలో హత్య ఒక్కటే, పడగ్గదులు మాత్రం లెక్కలేనన్ని. మాస్టారు ఒక్క నక్షత్రం పడేసి, “చనిపోయినవాడి వదినే హంతకురాలనడానికి ఒక్క ఆధారమూ చూపించలేదు. ప్రేక్షకులంటే ఇంత చులకనా?” అని ఉతికి ఆరేశారు. గంట తిరక్కుండా ఆ సినిమా చూసినవాళ్లంతా ఆయన మీద పడ్డారు. “సార్, మీరు అసలు సినిమా చూశారా?” అని ఒకడు అడిగాడు. సర్వీసు మొత్తంలో ఆయన్ని అంత మాట అన్నవాళ్లు లేరు.

“నోటికొచ్చినట్టు వాగుతున్నారు! ఎక్కడుందట ఆధారం?” అని భార్య మీద ఎగిరారు.

ఆవిడ బఠాణీల మీంచి తల ఎత్తలేదు. “స్నానాల గదిలో ఆ వదిన వీపు మీద గోళ్ల గీతలు కనిపించాయి కదండీ. చచ్చేముందు వాడు రక్కినవే.”

మాస్టారు కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని భార్య వంక చూశారు.

“నువ్వూ కళ్లు మూసుకుంటావనుకున్నానే...”

“ఇద్దరం మూసుకుంటే, అయిపోయిందని మీకెవరు చెప్తారు?”