గుర్రం చూస్తోంది

నా చిన్నప్పుడు మా తరగతి మొత్తంలో ఇంగ్లీషు గైడు ఉన్నది నా ఒక్కదాని దగ్గరే. మా బాపు పట్నంలో కోఠికి పోయి కొనుక్కొచ్చాడు. ఇబ్రహీంపట్నం హైస్కూల్లో అప్పుడు నేను తొమ్మిదో తరగతి. గైడులోని జవాబులు కామాలతో సహా బట్టీపట్టేదాన్ని. ఇంగ్లీషులో మొదటి మార్కు ఎప్పుడూ నాదే.

ఆ ఏడు పట్నం నుంచి రోజూ బస్సులో వచ్చే కొత్త టీచరమ్మ మాకు ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టారు. ఆమె మెచ్చుకోవాలని నాకు మహా ఆశ. ఆమె మాత్రం నా నోటుబుక్కులో మార్కులు వేసి, మారుమాట లేకుండా పక్కన పెట్టేసేవారు. ఊళ్ళో అందరూ జట్కా సాయిబు అని పిలిచే ఆయన కూతురు మా తరగతే. ఆ పిల్ల నోటుబుక్కు చేతికొస్తే చదువుతూ నవ్వేవారు, ఒక్కోసారి చదవడం ఆపి కిటికీలోంచి బయటికి చూసేవారు. ఇంటర్‌బెల్‌లో ఆ పిల్లను పిలిచి ఏదో మాట్లాడేవారు. దానికి స్పెల్లింగు ఒక్కటీ సరిగా రాదు! నా కడుపు మండిపోయేది. దానికి జ్వరమొచ్చి బడికి రాని రోజు నేను లోలోపల సంతోషించాను. ఆ సంగతి ఇన్నేళ్ళకు ఒప్పుకుంటున్నాను.

ఒకసారి పాఠంలో ఒక ముసలి రైతు కరువు తట్టుకోలేక తన గుర్రాన్ని సంతలో అమ్ముతాడు. ఆయన ఎలాంటి మనిషి అన్నది ప్రశ్న. గొప్ప ధైర్యశాలి అని గైడులో ఉన్నట్టే పది వాక్యాలు రాశాను. టీచరమ్మ నా నోటుబుక్కూ సాయిబు కూతురిదీ మార్చి మా చేతికిచ్చారు.

"నువ్వు ఆమెది దిద్దు. ఆమె నీది దిద్దుతది. రేపు తీస్కరాండ్రి."

నాకు పండగే అయింది. ఇంటికి పోయి ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. పేజీ అంతా ఎర్రబడింది. ఇక చివరి ముక్క మిగిలింది. 'ఓల్డ్ మేన్ నో క్రై. హార్స్ ఈజ్ సీయింగ్.' గుర్రం చూస్తోంది కాబట్టి ముసలాయన ఏడవలేదట.

నా చెయ్యి ఆగిపోయింది. పాఠమంతా వెతికాను, ఆ మాట లేదు. గైడులోనూ లేదు. కానీ అది నిజమని నాకు చదవగానే తెలిసింది. అలాంటి మాట దానికి తోచిందే అన్న కుళ్ళుతో, తప్పు దిద్దకుండా వాక్యం మొత్తాన్నీ అడ్డంగా కొట్టేశాను.

మర్నాడు టీచరమ్మ అది చూశారు. "గిది ఎందుకు కొట్టేసినవ్?"

"పాఠంల లేదు టీచర్."

ఆమె ఆ పిల్లవైపు తిరిగారు. "మరి నీకెట్ల తెలిసింది?"

"మా అబ్బా జట్కా గుర్రాన్ని అమ్మిండు టీచర్. బస్సులొచ్చినంక గిరాకి లేకపాయె. అది పొయ్యేదాక గట్లనే నిలబడ్డడు. ఇంటికొచ్చి ఏడ్సిండు."

తరవాత టీచరమ్మ, నా దాంట్లో ఏం తప్పులు దొరికాయని ఆ పిల్లను అడిగారు.

"ఒక్కటి గుడ లేదు టీచర్. గని ఈమెకు ముసలాయన మీద పాపమనిపిచ్చిందో లేదో, గదే సమజ్ కాలే."

ఎగతాళిగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. ఎగతాళి చేసినా అంత బాధపడేదాన్ని కాదు.

టీచరమ్మ నన్ను తిట్టలేదు. "గైడు ముట్టకుండ ఒక్క ముక్క రాయి. తప్పులు పోతే పోనీ, నేను దిద్దుత" అన్నారు. పీరియడంతా ఖాళీ కాగితం ముందు కూర్చున్నాను. జాలి గురించి రాద్దామంటే నాలో అప్పుడు జాలి లేదు. ఉన్నదేదో అదే రాశాను. గుర్రాన్ని కొన్నవాడికి ముసలాయనంటే కుళ్ళు, ఎందుకంటే గుర్రం ఇంకా ముసలాయన్నే చూస్తోంది. అసూయకు ఇంగ్లీషు మాట రాస్తే స్పెల్లింగు తప్పు పోయింది.

టీచరమ్మ చదివి, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. "నీకెట్ల తెలిసింది?" అన్నారు నెమ్మదిగా. నేను తల వంచుకుని బెంచీ దగ్గరికి వచ్చాను. ఆ పిల్ల మాత్రం బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చింది.

ఆ ఇంగ్లీషుతోనే తరవాత ఉద్యోగం వచ్చింది, కాదనను. కానీ ఇంట్లో మా మాటలో ఎవరికీ చెప్పుకోలేని నా కుళ్ళును, ఆ పరాయి భాషలో, తప్పుల తడకగా మొదటిసారి బయటపెట్టాను. ఇవాళ్టికీ మనసులో చెడ్డదేదైనా కదిలితే ముందు దాన్ని ఒక వాక్యంగా రాసి చూసుకుంటాను. రాసేసరికి సగం సిగ్గేస్తుంది. మిగతా సగం అర్థమవుతుంది.