చూసొద్దాం మామయ్య కొన్న కారు

ఒక అమ్మాయి మేనమామకు ఉన్న జబ్బు ఒక్కటే. ఆయన ఏ వస్తువునైనా చూస్తాడు, కొనడు. చూడటమంటే ఏదో ఆషామాషీగా కాదు. తిప్పి చూస్తాడు, బోర్లించి చూస్తాడు, వెలుగులో పెట్టి చూస్తాడు, దుకాణంవాడికి ఆశ పుట్టి టీ తెప్పించేదాకా చూస్తాడు. టీ తాగి, మూతి తుడుచుకుని, "ఇంకో చోట కూడా చూసొద్దాం" అని లేస్తాడు. అందుకే చుట్టాలంతా ఆయనకు చూసొద్దాం మామయ్య అని పేరు పెట్టేశారు.

వృత్తికి దర్జీ. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆయన ఫ్రిజ్జు చూడటం మొదలుపెట్టిన ఏడాది పుట్టిన కొడుకు బడికి పోయే వయసుకొచ్చినా ఆ ఇంట్లో పాలు విరుగుతూనే ఉండేవి. చివరికి ఓపిక నశించి, ఆయన కొట్లో ఉన్న సమయంలో అత్తయ్యే వెళ్ళి ఒకటి తెచ్చుకుంది. సాయంత్రం మామయ్య వచ్చి, దాని తలుపు పాతికసార్లు తీసి వేసి, "బాగానే ఉన్నట్టుంది. తీసుకుందామంటావా?" అన్నాడు.

"తీసుకున్నాం. నీళ్ళ సీసా కూడా పెట్టాను" అంది అత్తయ్య.

అలాంటి మనిషికి కారు కొనే పని అప్పగించాలని ఆ అమ్మాయి పట్టుబట్టింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. రక్తపరీక్షల పని నేర్పే కాలేజీలో సీటు వచ్చింది. కాలేజీ ఊరవతల, బస్సు పోని చోట. నెలరోజుల్లో క్లాసులు. మొదటిరోజు రాకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని ఉత్తరంలోనే రాశారు. ఉన్నదాంట్లోనే ఏదో పాత కారు చూద్దామంది తల్లి.

"మామయ్య చూస్తే బాగుంటుందమ్మా."

"మా అన్నయ్య సంగతి నాకు తెలీదా? చూస్తాడు. కొంటాడా?"

కొనడనే అమ్మాయి ధీమా.

ఎందుకంటే, ఎనిమిది నెలల కిందట ఒక మధ్యాహ్నం భోజనం చేసి లేచిన తండ్రి గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. అప్పటికి అమ్మాయికి లైసెన్సు వచ్చి తొమ్మిది రోజులు. తల్లి ఉద్యోగానికి వెళ్ళింది. అమ్మాయి తండ్రిని కార్లో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది. నాలుగు రోడ్ల కూడలిలో, సరిగ్గా నడిమధ్యన, ఇంజన్ ఆగిపోయింది. తిప్పితే ఉలకదు. వెనక హారన్లు. పక్కసీట్లో తండ్రి చెమటలు కక్కుతూ, "కంగారు పడకమ్మా, క్లచ్ నొక్కి మళ్ళీ తిప్పు" అన్నాడు. ఎవరో వచ్చి నెట్టాక కదిలింది. ఆసుపత్రిలో తండ్రి బతకలేదు. కారు ఆగిన నాలుగు నిమిషాల సంగతి అమ్మాయి ఎవరికీ చెప్పలేదు. నాన్నను చంపింది తానేనని ఆమెకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే అన్నం తినేది, ఆ నమ్మకంతోనే పడుకునేది. ఇంట్లో నవ్వు అనేది లేకుండా పోయింది. ఆ కారును తల్లి పదో రోజుకే అమ్మేసింది. మళ్ళీ కారు నడపాల్సిన రోజు రాకూడదనే అమ్మాయి కోరిక.

మామయ్య మొదట చూసింది ఒక బడిపంతులు గారి తెల్ల కారు. తలుపు తీసి, సీటు కుట్టు మీద బొటనవేలు పోనిచ్చాడు.

"మాస్టారూ, ఇంజన్ సంగతి తర్వాత. ఈ కుట్టు చూశారా? ఒక్క దారం లాగితే సీటంతా చేతికొస్తుంది."

"కుట్టుదేముందండీ, బండి బ్రహ్మాండంగా పరిగెడుతుంది."

"పరిగెత్తేటప్పుడు కూర్చునేది దీనిమీదే కదండీ" అని మామయ్య వెనకసీట్లో చేరి, "ఏదీ అమ్మడూ, సందు చివరిదాకా పోనియ్" అన్నాడు.

అమ్మాయి తలుపు దగ్గరే ఆగిపోయింది. "నేనా? నువ్వు నడపవా?"

"నాకు తెలిసిన పెడలు కుట్టుమిషనుది ఒక్కటే. మాస్టారు నడిపితే ఆయన బండి ఆయనకు ముద్దు. నువ్వే నడపాలి."

ఈ చిక్కును ఆమె ఊహించలేదు. సందు చివరికి చేరేలోగా బండి రెండుసార్లు ఆగింది, నాలుగుసార్లు గెంతింది. పక్కన మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. వెనక మామయ్య తాపీగా టేపుతో సీటు కొలుచుకుంటున్నాడు. దిగాక, "వెనకసీటు రెండంగుళాలు కురచ. ఇంకోటి చూసొద్దాం" అన్నాడు. అమ్మాయి ఇంటికొచ్చి స్నానాలగదిలో తలుపు వేసుకుని చాలాసేపు ఏడ్చింది.

రెండోది ఒక బేకరీ యజమాని ఎర్ర కారు. దాన్ని రెండు వీధులు తిప్పించి, "ఇందులో బ్రెడ్డు వాసన. రోజూ ఇందులో తిరిగితే మా పిల్ల నెలకోసారి నా దగ్గర బట్టలు వదులు చేయించుకోవాలి" అని దిగిపోయాడు. మూడోది పాత కార్ల వ్యాపారిది. "ఇంత చవక ఇంకెక్కడా దొరకదండీ" అన్నాడు వ్యాపారి. "అదే నా భయం కూడా" అన్నాడు మామయ్య. అయినా దాన్ని పెద్దరోడ్డు మీదికి తీసుకెళ్ళమన్నాడు. లారీ పక్కనుంచి పోతుంటే అమ్మాయి గబుక్కున బ్రేకు మీద కాలేసింది. వెనకనుంచి, "లారీవాడి చొక్కా చూశావా, కాలరు ఎంత అన్యాయంగా కుట్టారో" అని వినిపించింది. ఆ వేళప్పుడు కాలరు చూసే మనిషి మీద ఆమెకు ఒళ్ళు మండింది. ఆ మంటలో భయం కొంచెం మరిచిపోయింది.

అలా ఎనిమిది కార్లయ్యాయి. ఒకదానికి అద్దం చిన్నది, ఒకదానికి రంగు ఉతికితే పోయేలా ఉంది, ఒకదాని యజమాని మరీ నవ్వుతున్నాడు. తల్లికి కంగారు పట్టుకుంది.

"అన్నయ్యా, సోమవారం క్లాసులు. దాని సీటు పోతే నేనేం చెయ్యను? ఆయన ఉంటే ఈ పాటికి..." అని ఆపేసింది.

"చూస్తున్నాను కదమ్మా" అన్నాడు మామయ్య, మునుపెన్నడూ లేనంత మెల్లగా.

తొమ్మిదో కారు ఆసుపత్రి వెనక వీధిలో ఉండే ఒక రిటైరైన నర్సమ్మది. ఆమె యూనిఫారాలన్నీ కుట్టింది మామయ్యే కాబట్టి తాళాలు చేతికిచ్చి, తిప్పుకుని రమ్మంది. బూడిదరంగు చిన్న కారు. కుట్లు గట్టివి. అమ్మాయి ఎప్పటిలా ఆ నాలుగు రోడ్ల కూడలికి ముందే పక్కసందులోకి తిప్పబోయింది.

"నేరుగా పోనియ్" అన్నాడు మామయ్య.

"అటు వద్దు మామయ్యా."

"నేను వెనకున్నాను. పోనియ్."

ఎలా పోనిచ్చిందో ఆమెకే తెలియదు. నడిమధ్యకు వచ్చేసరికి కంగారులో క్లచ్ వదిలేసింది. కారు ఆగిపోయింది. నాలుగు వైపులా హారన్లు మొదలయ్యాయి. ఆమె స్టీరింగు మీదనుంచి చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ రోజు కూడా ఇక్కడే ఆగింది మామయ్యా. నావల్లే నాన్న..."

"తెలుసు."

ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"ఆ రోజు మీ కారు నెట్టినాయన నా దగ్గర ప్యాంటు పొట్టి చేయించుకుంటాడు. ఆ పిల్ల ఏమైందోనని అడిగాడు. అప్పుడే మీ నాన్న కాగితాలు మీ అమ్మకు తెలీకుండా తీసుకెళ్ళి గుండె డాక్టరుకు చూపించాను. నాలుగు నిమిషాలు ముందు తెచ్చినా, గంట ముందు తెచ్చినా బతికేవాడు కాదు, అంత పెద్ద పోటు అన్నాడు. ఒక్క డాక్టరు మాట మీద ఆగుతానా నేను? ఇంకో ఇద్దరి దగ్గరికి వెళ్ళాను. ముగ్గురూ అదే మాట. నీ తప్పు లేదమ్మడూ. చూసి వచ్చి చెబుతున్నాను."

ఎవరో ఒకాయన కారు దిగి వచ్చి అద్దం మీద కొట్టాడు. "ఏంటండీ, రోడ్డు మధ్యలో మీ కబుర్లు?"

మామయ్య తల బయటపెట్టి, "కాస్త ఆగండి బాబూ, కారు చూస్తున్నాం" అన్నాడు.

అమ్మాయి ఏడుస్తోంది. అంత ఏడుపులోనూ ఒక చిన్న నవ్వు తన్నుకొచ్చింది.

"ముగ్గురు డాక్టర్లా? ఊరికే చూశారా?"

"ఎందుకు చూస్తారు? నేనే పేషంటునని చీటీ రాయించుకున్నాను. మూడు చోట్లా నా ఛాతీకి వైర్లు తగిలించి ఈసీజీ తీశారు. నా గుండె భేషుగ్గా ఉందట."

ఆమె కళ్ళు తుడుచుకుని, క్లచ్ నొక్కి, తాళం తిప్పింది. కారు కదిలింది. ఆసుపత్రి గేటు ముందు ఆపి, తండ్రి పోయిననాడు ఏడవలేకపోయిన ఏడుపంతా ఏడ్చింది. మామయ్య కూడా ఏడ్చాడు. బావా తనూ ఒకే బడిలో చదువుకున్నారు. ఎనిమిది నెలలుగా ఆయనకూ చెప్పుకునే మనిషి లేకపోయాడు. ఒక్కొక్క కారునూ ఒక్కొక్క వీధి చొప్పున ఆ కూడలికి దగ్గరగా ఎందుకు వెతికాడో ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

నర్సమ్మ ఇంటికి తిరిగొచ్చాక, "తీసుకుంటాం" అన్నాడు మామయ్య. ఆ మాట నోటివెంట రావడం ఆయన జీవితంలో అదే మొదలు. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు.

"సంతకం పెట్టాలండీ" అంది నర్సమ్మ.

"ఎక్కడ?"

"కాగితం మీద."

ఆ సాయంత్రం అమ్మాయి తల్లి పక్కన కూర్చుని కూడలి సంగతంతా చెప్పింది. తల్లి కూతురి తల నిమిరింది. "ఇంత బరువు ఒక్కదానివే మోశావా" అని మాత్రం అంది.

సోమవారం పొద్దున అమ్మాయి కారు తీసింది. గేటు దాటగానే, వీధంతా చూస్తుండగా, ఇంజన్ ఆగిపోయింది. తల్లి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందే?"

"ఏం కాలేదమ్మా. ఆగింది, అంతే" అని అమ్మాయి మళ్ళీ తాళం తిప్పింది.