మల్లమ్మ నెత్తిమీది పసుపు

అది 1961. తాండూరు హైస్కూల్లో నేను డ్రాయింగ్ మాస్టరును. ఎక్స్‌ప్రెషనిజం అంటే కంటికి కనిపించినట్టు కాక, మనసుకు తగిలినట్టు బొమ్మ వేయడం. ఆ పద్ధతిలో మా ఊళ్లో బొమ్మలు వేసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

నాపరాళ్ల గనిలో బండలు మోసే మల్లమ్మను వేశాను. బండ మాత్రం వేయలేదు. మెడ కురచ చేసి, భుజాలు కాన్వాసు అంచులదాకా సాగదీశాను. ముఖానికి రాతి నీలం, నెత్తిమీద మండే పసుపు. హైదరాబాదు ప్రదర్శనకు పంపేముందు బడి వరండాలో ఆరబెడితే, మల్లమ్మ మొగుడు సాయన్న చూసి లబోదిబోమన్నాడు.

"సారూ, నా పెండ్లాం బతికుండంగనే పాడె ఎక్కిస్తివి గదా! మొఖం నీలం, నెత్తికి మంట! గిది చితి గాక ఏంది? చెరిపెయ్యి, నీ కాల్మొక్త!"

నాకు తిక్కరేగింది. చెరిపెయ్యడానికి అదేమన్నా పలకా? నా బొమ్మలన్నిట్లోకీ మేలైనది! కానీ మనిషి నిజంగానే వణికిపోతున్నాడు. "మల్లమ్మను తోల్కరా. ఆమె వద్దంటే నా చేత్తోనే గీకేస్త," అన్నాను.

మల్లమ్మ గని నుంచి నేరుగా వచ్చింది. కనురెప్పల మీద కూడా నీలం రాతిపొడి. బొమ్మను పైనుంచి కిందిదాకా చూసింది.

"గీ మెడ ఏమాయె సారూ?"

"నెత్తిమీద బండ ఉంది గదమ్మా, కుంగింది."

"బండ ఏది మరి?"

"నువ్వే చెప్పు, లేదా?"

ఆమె తన భుజం తడుముకుంది. "ఉన్నది," అంది. బండ కింద నెత్తిన పెట్టుకునే చుట్టబట్టను చంకలోంచి తీసి, మొగుడి ముందు ఆడించింది. "మంట గాదు, నీ తెలివి సల్లగుండ, సుట్టబట్ట! నేను రోజు గిదే నీలం మొఖంతోని ఇంటికొస్త, సూస్తలేవా?"

సాయన్న తల గోక్కున్నాడు.

"గాని సారూ, నాది మాసిన గుడ్డ. గంత పసుపెందుకు?"

"పొద్దంత నీకు మెత్తగ తగిలేది అదొక్కటే గదమ్మా. అందుకే దాన్ని వెలిగించిన."

మల్లమ్మ నవ్వింది. "అయితే తీస్కపో పట్నం. కింద ఏం రాసినవ్?"

"బండలు మోసే స్త్రీ."

"ఏం, నాకు పేరు లేదా?"

చురుక్కుమంది. అక్కడే కుంచె ముంచి 'బండలు మోసే మల్లమ్మ' అని మార్చి, చదివి వినిపించాను. ఆమె అక్షరాలను వేలితో తాకింది. పచ్చి రంగు వేలికంటుకుంటే, తుడుచుకోకుండానే ఇంటికి పోయింది.

ప్రదర్శనలో ఆ నీలం దుఃఖమా, మరణమా అని పెద్దలు వాదించుకున్నారు. నేను ఛాతీ విరుచుకుని, "ముందు కింద పేరు చదవండి," అన్నాను. ఆ తర్వాత ఎవరి బొమ్మ వేసినా పేరడిగాకే కుంచె పట్టాను.