వడియాల పక్కన ఎండిన పెళ్ళిపాట

ఆ రోజుల్లో పాట వినాలంటే అది మన దాకా వచ్చేవరకు ఓపిక పట్టాల్సిందే. వీధి చివర ఎవరింట్లోనో పెళ్ళి కుదిరి, కొబ్బరిచెట్టుకి మైకు కట్టారంటే మూడు రోజులు మనకీ పండగే (పరీక్షలున్న పిల్లలకి మాత్రం కాదు). ఇప్పుడు ఫోను మీద వేలు పెడితే చాలు, పాట మోగుతుంది. సగం వినకుండానే ఇంకో పాటకి పోతాం. దీన్ని తిట్టే వయసు నాకు వచ్చింది గానీ, తిట్టే హక్కు లేదు, నేనూ అదే చేస్తున్నాను. కాకపోతే మా ఇంట్లో ఒక బీరువా నిండా చిన్న రికార్డులున్నాయి. అటొక పాట, ఇటొక పాట మాత్రమే పట్టే బుల్లి నల్ల ప్లేట్లు. వాటిలో ఒకటి వంగి, సాసరులా తయారై ఉంటుంది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ మిగతావన్నీ వదిలేసి దాన్నే చేతిలోకి తీసుకుంటారు.

అది క్యాసెట్లు వచ్చి రికార్డుల్ని అటకెక్కించిన కాలం. డిగ్రీ పాసై, ఏం చెయ్యాలో తోచక, గుంటూరు బ్రాడీపేటలో చెవి ముక్కు గొంతు డాక్టరు గారి దగ్గర పేషెంట్లకి చీటీలు రాసే పనిలో చేరాను. మొదటి జీతంతో అందరూ చీర కొనుక్కుంటే నేను పాత సామాన్ల కొట్లో పెట్టె ప్లేయరు ఒకటి కొన్నాను. ఇక అక్కణ్ణించి పిచ్చి ముదిరింది. రికార్డు దొరికితే సరిపోదు, దాని కథ కూడా కావాలి. ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు, ఆ గీత ఎలా పడింది, అన్నీ అడిగి కాగితపు కవరు మీద రాసేదాన్ని. చీరాలలో ఒక చీరల కొట్టాయన దగ్గర ఇంగ్లీషు పాప్ పాట రికార్డు దొరికింది. ఆయన దాన్ని ఒక్కసారి కూడా వినలేదట. కవరు మీద పిల్ల గౌను రంగు నచ్చి, 'ఇదే రంగు అంచు పడాలి' అని నేతగాడికి చూపించడానికి కొన్నాడట. ఇలాంటివి నిజమో కాదో ఇంకో మనిషిని అడిగి రూఢి చేసుకున్నాకే రాసేదాన్ని. నా కవర్ల మీద ఒక్క అబద్ధం కూడా ఉండదని నాకు మహా గొప్ప. ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి ఇలాంటి గొప్పలు ఉండనే ఉంటాయి.

మైకుసెట్టు సాయిబు గారు మా క్లినిక్కుకి వచ్చింది అప్పుడే. మిరప పండే ఊళ్ళన్నిట్లో ఆయన మైకు మోగని పెళ్ళి లేదు. ముప్ఫై ఏళ్ళు హారను పక్కనే కూర్చోబట్టి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది పోతూ ఉంది. "ఈ జిల్లా పెళ్ళిళ్ళు సగం ఈ చెవిలోంచే పోయినయ్యమ్మా" అని గట్టిగా నవ్వాడు. ఆయన తరపున మాట్లాడ్డానికి భార్య కూడా వచ్చింది. నేను ఆవిణ్ణి పెద్దమ్మా అనేదాన్ని. "నా పెళ్ళి కూడా ఆ చెవిలోంచే పోయింది. మా పెళ్ళికి ఈయనే మైకు వేసుకున్నాడు తెలుసా! మొహం మీద పూలతెర పక్కకి నెట్టుకుని, లేచెళ్ళి రికార్డు ముల్లు మార్చొచ్చాడు. పెళ్ళికొడుకు ఏడంటే యాంప్లిఫయరు కాడ ఉన్నాడన్నారు మా వాళ్ళు!" అంది.

నా పిచ్చి సంగతి తెలిశాక ఆయన మర్నాడే ఒక రేకుపెట్టె తెచ్చిచ్చాడు. అందులో పన్నెండు చిన్న రికార్డులు, పైన వాళ్ళ పెళ్ళిలో మోగిన ఆ పెళ్ళిపాట. సామానంతా ఎప్పుడో అమ్మేశాడట, వినడానికి ప్లేయరు లేదు. "ఇవన్నీ నీవేనమ్మా. ఆదివారం మీ ఇంటికొస్తాం. ఈ ఒక్క పాటా ఒక్కసారి వినిపించు. డాక్టరు గారు చెవికి నమ్మకం ఇవ్వలేదు. ఉన్న కాస్తా ఉండగానే వింటా" అన్నాడు. నేను తలూపాను.

పెట్టె ఇంటికి తెచ్చి మూత తీశానో లేదో, ఇంటిల్లిపాదీ తుమ్ములు. ఏళ్ళ తరబడి మిరపకాయ బస్తాల గదిలో ఉన్న పెట్టె అది, గీత గీతలోనూ కారం. ఆదివారానికి పాట తళతళలాడుతూ పలకాలని, శనివారం పొద్దున్నే కుంకుడు రసంతో పన్నెండింటినీ నెమ్మదిగా కడిగాను. ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత మా వైపు ఆడపిల్ల ఏది కడిగినా ఏం చేస్తుందో అదే చేశాను. డాబా ఎక్కి, అమ్మ పెట్టిన గుమ్మడి వడియాల పక్కన పాత చీర పరిచి, వరసగా ఎండబెట్టి క్లినిక్కుకి పోయాను. మే నెల, గుంటూరు ఎండ. రికార్డు వేడికి వంగుతుందని నా డిగ్రీలో ఎక్కడా చెప్పలేదు.

సాయంత్రం వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే, "ఏమే, నీ నల్ల అప్పడాలు మధ్యాహ్నానికే పైకి లేచినయ్. రెండో వైపు కూడా ఎండాలి గదా అని తిప్పేశా" అంది ఎంతో మేలు చేసినట్టు. డాబా మీద చూస్తే పన్నెండు రికార్డులూ పన్నెండు రకాలుగా వంగి ఉన్నాయి. చదును చేద్దామని రెండింటి మీద పొత్రం పెడితే విరిగి ఊరుకున్నాయి. ఇక పెళ్ళిపాటని ముట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పోయింది రికార్డు ఒక్కటే అయితే అంత ఏడుపు రాకపోను. ఆయన చెవి ఎన్నాళ్ళుంటుందో తెలియదు, ఆ పాట ఇంకోటి ఎక్కడ దొరుకుతుందో తెలియదు.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. ఆయన ఇస్త్రీ చొక్కా, ఆవిడ మంచి చీర, చేతిలో స్వీట్ల పొట్లం. జరిగింది చెప్పేద్దామనే నిశ్చయించుకున్నాను. "సాయిబు గారూ, ఒక పొరపాటు జరిగిందండీ" అన్నాను మెల్లగా. "ఆఁ?" అన్నాడు. ఇంకాస్త పెంచి, "రికార్డు ఎండలో పెట్టానండీ!" అన్నాను. "ఏందమ్మా?" అన్నాడు. మూడోసారి అరిచేసరికి పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగి చూసింది గానీ ఆయనకి మాత్రం చేరలేదు. వినపడని మనిషి ముందు తప్పు ఒప్పుకోవడమంటే వీధంతటికీ ఒప్పుకోవడమేనని ఆ రోజు తెలిసింది. పెద్దమ్మ మాత్రం అంతా విని నా మొహం వంక చూసింది. ఇక గత్యంతరం లేక రికార్డు పెట్టాను.

తిరగడం మొదలెట్టగానే ముల్లు ఎగిరి పక్కకి పడింది. సాయిబు గారు కాసేపు దాన్నే చూశాడు. "ఒక రూపాయి బిళ్ళ ఇయ్యమ్మా" అన్నాడు. ఇస్తే, దాన్ని ముల్లు బిగించిన ప్లేయరు చేతి మీద జాగ్రత్తగా పెట్టి, పెట్టె మీద అరచెయ్యి ఆనించి, బాగున్న చెవి దగ్గరగా పెట్టాడు. ఈసారి పాట వచ్చింది. వచ్చిందంటే, సాగుతూ, గుంజుతూ, ఒకచోట నిద్రపోతూ ఒకచోట పరుగెత్తుతూ వచ్చింది. నేను తల ఎత్తకుండా ఓరకంట చూశాను. ముల్లు ఎక్కుతూ దిగుతూ ఉంటే ఆయన కళ్ళు మాత్రం దానితోపాటే ఎక్కి దిగాయి. పాట అయిపోయాక లేచి, "సరిగ్గా ఇట్టాగే వచ్చిందమ్మా ఆ రోజు! వోల్టేజీ లేదు. పాటంతా ఇట్టా ఊగింది. పెళ్ళి మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నాకైతే పోయిన ప్రాణం లేచొచ్చింది. చూశారా, తప్పు చేసినా మంచే జరిగిందని లోపల్లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

వెళ్ళేటప్పుడు ఆయన చెప్పులు తొడుక్కుంటుంటే, పెద్దమ్మ గడప దగ్గర ఆగింది. ఎలాగూ ఆయనకి వినపడదని మామూలు గొంతుతోనే అంది. "ఆ రోజు వోల్టేజీకి ఏం రోగం లేదు తల్లీ, జనరేటరు పెట్టారు. పాట గంట కొట్టినట్టు మోగింది. ప్లేటు చూసీ చూడంగానే తెలిసిపోయిందిలే ఆయనకి. నువ్వు ఏడ్చిన మొహంతో ఉంటివి." ఆపైన కొంగు సర్దుకుని, "ముప్ఫై ఏళ్ళకి మొన్ననే మొదటిసారి నా పక్కన కూర్చుని ఆ పాట వింటానన్నాడు. విన్నాడుగా, చాల్లే" అని నా చెంప తట్టి వెళ్ళింది.

ఆ వానాకాలానికి ఆయన రెండో చెవి కూడా పోయింది. అంటే ఆయన విన్న ఆఖరి పాట బహుశా నేను ఎండబెట్టిందే. ఆ ఆదివారం రాత్రి కవరు మీద ఏం రాయాలో తేలలేదు. ఇద్దర్ని అడిగి రూఢి చేసుకోవాలన్న నియమం నాదేగా. ఇద్దరూ రెండు చెప్పారు, ఏది నిజమో నాకు తెలుసు. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, చివరికి ఆయన చెప్పిందే రాశాను.

ఇన్నేళ్ళలో వంపు లేని ప్లేటు మీద అదే పాట రెండుసార్లు దొరికింది, కొనలేదు. ఇప్పుడు నా చెవులూ కాస్త మందగించాయి, మా వాళ్ళు శబ్దం తగ్గించమని గోల పెడుతుంటారు. నేను పెట్టె మీద అరచెయ్యి ఆనించి వింటాను. ఎవరైనా ఆ వంగిన ప్లేటు తీసి, "ఇదేంటండీ, ఇలా అయిపోయింది, పాడైపోయిందా?" అని అడుగుతారు. రూపాయి బిళ్ళ ముల్లు మీద పెట్టి, పాట మొదలెట్టి, ఏ మాత్రం తడబడకుండా చెబుతాను: "ప్లేటుకేం కాలేదండీ. వాళ్ళ పెళ్ళి రోజు వోల్టేజీ తక్కువ."