హలో గారి మైకు, అక్క మాట

మా బావకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. దాన్ని వాడేది బ్యాంకు వాళ్ళు మాత్రమే. మిగతా అందరికీ ఆయన హలో గారు. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ మైకు పెట్టే మనిషి కదా, అందరికన్నా ముందొచ్చి ఖాళీ కుర్చీల ముందు నిలబడి "హలో, హలో" అంటూ ఉండేవాడు. ఆ మాటే పేరై కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆయన మైకులో అన్నది కూడా ఆ ఒక్క మాటే. తక్కినవన్నీ ఊరివాళ్ళ మాటలు.

నేను ఆయన బామ్మర్దిని. నాకో చిన్న వ్యాను ఉంది. ఆయన సామాను మోయడానికే నేనూ నా వ్యానూ ఈ భూమ్మీదకి వచ్చామని ఆయన గట్టి నమ్మకం. అద్దె అడిగితే "ఇంట్లో మనిషివి, నీకు అద్దేంట్రా" అంటాడు. పోనీ ఇంట్లో మనిషినని భోజనానికి కూర్చుంటే "ఏరా, వ్యాను వాళ్ళకి కూడా మేమే పెట్టాలా" అంటాడు. ఇలాంటి బావతో ఎవరు నెగ్గుకొస్తారు?

కానీ పని దగ్గర మాత్రం ఆయన్ని వేలెత్తి చూపించలేం. పాత ఆంప్లిఫైయర్ పెట్టె, మంచం కోడంత లావు స్పీకరు తీగలూ అమ్మేసి, ఆంప్లిఫైయర్‌ని తమ కడుపులోనే పెట్టుకున్న స్పీకర్లు ఓ జత కొన్నాడు. కొన్నప్పటినుంచీ నాకు పాఠాలే పాఠాలు. మైకుల తీగలొచ్చి కలిసే మిక్సరు పెట్టె వెనక కుడి, ఎడమ అని రెండు అవుట్‌పుట్లు ఉంటాయి. అక్కణ్ణుంచి ఒక్కో స్పీకరుకి ఒక్కో మూడు పిన్నుల కేబులు. స్పీకరు వెనకున్న బుల్లి స్విచ్చి 'లైను' వైపుండాలి, 'మైకు' వైపుంటే మాట బొంగురుపోయి చెవులు చిల్లులు పడతాయి. కరెంటు ముందు మిక్సరుకివ్వాలి, ఆఖర్న స్పీకర్లకి. ఆపేటప్పుడు స్పీకర్లు ముందు, మిక్సరు ఆఖర్న. తిరగేస్తే స్పీకరు 'ధబ్' మంటుంది, ముందు వరసలో ముసలాళ్ళ గుండె గుభేలుమంటుంది. "నాకెందుకు బావా ఇదంతా, నేను తోలేది వ్యాను కదా" అంటే "నేను పోతే ఎవడు పెడతాడ్రా" అనేవాడు. ఈ ఊళ్ళో మాట్లాడే నోళ్ళన్నీ తన చేతిమీదుగానే వినపడాలని ఆయన కోరిక.

ఒక్క మా అక్క గొంతుకి మాత్రం ఆయన అవసరం ఎప్పుడూ రాలేదు. అక్క బళ్ళో మూడో తరగతి టీచరు. వాళ్ళ బళ్ళో గదులు చాలక మూడో తరగతి రెండు సెక్షన్లనీ కలిపి రేకుల కప్పున్న పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. పైన ఫ్యాన్లు గడగడలాడతాయి, పక్కన రోడ్డు. అంత గోలలోనూ అక్క ఎక్కం చెబితే రోడ్డవతల టీ కొట్టువాడికి కూడా వచ్చేసేది. పెళ్ళైన కొత్తలో బావ అన్నాడట, "ఊళ్ళో ఇంకో నలుగురు నీలాంటివాళ్ళుంటే నేను కొట్టు మూసుకోవాల్సిందే" అని. అక్క ఆ మాటని నగలా దాచుకుంది. ఎవరొచ్చినా తీసి చూపించేది.

అలాంటి మనిషికి మెడలో గడ్డ వచ్చింది. ఆపరేషను చేసి తీసేశారు. ప్రాణానికేం భయం లేదన్నారు, నిజంగానే ఏం కాలేదు. కానీ గొంతుకి వెళ్ళే నరం పడిపోయింది. కొందరికి తిరిగి వస్తుంది, చూద్దాం అన్నారు. చూశాం. రాలేదు. అక్క నోరు తెరిస్తే సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు ఉండేది, అంతే. పెదాలు అన్ని మాటలూ అంటున్నాయి, బయటికి గాలి ఒక్కటే వస్తోంది.

సెలవు అయిపోయాక పెద్ద టీచరు ఇంటికొచ్చింది. మంచావిడ. కాఫీ కప్పు చేతిలోనే పట్టుకుని, తాగకుండా, చెప్పడానికి నానా అవస్థా పడింది. గొంతు వినపడని టీచరుని క్లాసులో ఉంచడానికి బడి కమిటీ వాళ్ళు ఒప్పుకోవడం లేదు. స్టోరు రూములో వేస్తామంటున్నారు. సుద్దముక్కలూ పుస్తకాలూ ఇచ్చే పని. జీతం అదే.

"జీతం గురించి కాదండీ" అన్నాడు బావ.

"నాకు తెలుసండీ. అందుకే వాళ్ళని ఒకటి ఒప్పించాను. మీ దగ్గర మైకుంది కదా. పెట్టండి. హాల్లో పిల్లల ముందు టీచరు ఒక్క పాఠం చెప్పి చూపించాలి. వెనక వరస పిల్లలకి అర్థమైతే చాలు, క్లాసు ఆవిడదే. ఇంక ఎవరేమన్నా నేను చూసుకుంటాను."

అక్క బావ వైపు చూసింది. ఆపరేషను తర్వాత ఆవిడ ముఖంలో ప్రాణం చూడటం అదే మొదలు. "ఇంతేనా! ఇదొక పనా నాకు" అన్నాడు బావ, మీసం మీద చెయ్యేసి. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

మర్నాటినుంచీ వాళ్ళ ముందుగది సభాస్థలి అయిపోయింది. రెండు స్పీకర్లూ స్టాండ్ల మీదెక్కాయి, సోఫా వరండాలోకి పోయింది. పెదాల పక్కకి ఆనుకునే సన్నటి మైకు అక్క చెవికి తగిలించాడు. కేబుళ్ళు బిగించి, మీటలు తిప్పి, ఈల వేసే శబ్దాల్ని ఒక్కొక్కటే పట్టుకుని తగ్గించాడు. అక్క మూడో తరగతి వాచకంలోంచి వానచుక్క పాఠం చెప్పింది. సముద్రంలోంచి మబ్బులోకి, మబ్బులోంచి ఏటిలోకి పోయే వానచుక్క. చెప్పిందే చెప్పింది, రోజూ చెప్పింది. నేను వంటింట్లో నిలబడి విన్నాను. ప్రతి మాటా వినపడింది. "బావా, నువ్వు మనిషివి కాదు" అన్నాను. "మరేంట్రా, వ్యాను డ్రైవర్నా" అన్నాడు. అక్క నవ్వింది. ఆ నవ్వు కూడా స్పీకర్లోంచి వచ్చింది. మేం ముగ్గురం ఆ వారం చాలా సంతోషంగా ఉన్నాం.

పాఠం రోజున బావ ఇస్త్రీ చొక్కా వేశాడు. పిల్లలకి ఎదురుగా, అక్కకి ముందు, చెరోపక్కా స్పీకర్లు నిలబెట్టాడు. వెనక ఉంటే మైకులోకి ఆ శబ్దమే తిరిగొచ్చి కూత పెడుతుందని తెలుసుగా. హాలంతా తిరిగి మూలమూలా విన్నాడు. ఫ్యాన్లు ఆపమని అడిగితే, ఆపారు. కాసేపటికే పిల్లలు చెమటలు కక్కుతుంటే మళ్ళీ వేయక తప్పలేదు. మిక్సరుకి హెడ్‌ఫోను తగిలించుకుని ఒక పక్కగా కూర్చున్నాడు. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. కమిటీ పెద్దమనుషులు ముగ్గురు నా పక్కనే కుర్చీల్లో.

అక్క వచ్చింది. వాచకం తీసింది, ఒక్క క్షణం చూసింది, మూసి బల్ల మీద పెట్టేసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

స్పీకర్లలోంచి గాలి వచ్చింది. పెద్ద గాలి. హాలంతా నిండిన గాలి. వానచుక్క అనే మాట కోసం చెవులు రిక్కించాను. రాలేదు. సముద్రం రాలేదు, మబ్బు రాలేదు. బావ మీట కొంచెం పైకి తోశాడు. ఈల లేచింది, ముందు వరస పిల్లలు చెవులు మూసుకున్నారు. గబుక్కున తగ్గించాడు. అక్క ఆగలేదు. చేతులు తిప్పుతోంది, కళ్ళు పెద్దవి చేస్తోంది, ఒకచోట నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎవరినో గదమాయించింది. ఏదో కథ. మంచి కథే అయి ఉంటుంది. పిల్లలు కళ్ళార్పకుండా చూస్తున్నారు. బావ హెడ్‌ఫోనులో వింటూ తలూపుతున్నాడు. పోన్లే, ఆయనకైనా అందుతోందని ఊపిరి పీల్చుకున్నాను.

అయిపోయింది. పెద్ద టీచరు లేచి, "టీచరు చెప్పింది వినపడిందా?" అని అడిగింది.

"వినపడిందీ!" అని పిల్లలు రేకులు లేచిపోయేలా అరిచారు.

"వెనక వరసలోంచి ఎవరు చెబుతారు? ఏం చెప్పారో?"

రెండు జడల పిల్ల ఒకతె లేచింది. చేతులు కట్టుకుని, గుక్క తిప్పుకోకుండా, వానచుక్క పాఠం మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పేసింది. అక్షరం పొల్లు పోలేదు. ఆ పిల్ల అబద్ధమాడుతోందని నాకు తెలుసు. దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. ముగ్గురు పెద్దమనుషులూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని తలాడించారు. పెద్ద టీచరు కళ్ళు తుడుచుకుంది.

"ఇదేనా టీచర్ మీరు చెప్పింది?" అని అక్కని అడిగింది.

అవునని తలాడిస్తే అయిపోయేది. క్లాసు ఆవిడదే. అక్కడ బావ కళ్ళతోనే బతిమాలుతున్నాడు, ఇక్కడ నేను మొక్కని దేవుడు లేడు. అక్క ఆ పిల్లని చాలాసేపు చూసింది. తల అడ్డంగా ఊపింది. ఆవిడ టీచరు మరి. తప్పు జవాబుకి ఒప్పు పెట్టడం ఆ చేతికి చేతకాదు. పిల్లలకి కంఠతా వచ్చిన పాఠం చెబితే అది పరీక్ష ఎలా అవుతుందని, ఎవరూ వినని కథ ఎంచుకున్నట్టుంది. మాకూ చెప్పలేదు.

పెద్ద టీచరు తెల్లబోయింది. "మరి ఏం చెప్పారు?" అంది. అక్క ఏదో అంది. మళ్ళీ గాలే వచ్చింది. అప్పుడు పెద్ద టీచరుకి దారి దొరికినట్టయింది. బావ వైపు తిరిగి, "హలో గారూ, మీకు చెవిలోనే వస్తుంది కదా. మీరు చెప్పండి. టీచరు ఏ కథ చెప్పారు?" అని అడిగింది.

అక్క కూడా బావ వైపు తిరిగింది. ముఖంలో ఎక్కడా బెంగ లేదు. ఆయనున్నాడుగా అన్న ధీమా.

బావ హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "బాగా వచ్చిందండీ" అన్నాడు. "శబ్దం... చాలా బాగా వచ్చింది." ఆగాడు. హెడ్‌ఫోను వైరుని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. "వాన..." అని మొదలెట్టి ఆపేశాడు. హాలంతా ఆయన నోటికేసి చూస్తోంది. జీవితంలో మొదటిసారి అందరూ ఆయన మాట కోసం ఎదురుచూశారు.

"నాకు తెలియలేదండీ" అన్నాడు.

నేను అక్కని చూశాను. చూడకుండా ఉండాల్సింది. క్లాసు పోయినందుకు కాదు ఆ ముఖం అలా అయింది. ఇన్ని నెలలూ ఇంట్లో "తలుపు వేయండి" అంది, ఆయన వేశాడు. "తమ్ముడు తిన్నాడా" అంది, తిన్నానన్నాను. "వానచుక్క" అంది, ఆహా ఓహో అన్నాం. ఆవిడ ఏమంటుందో ముందే తెలుసు కాబట్టి విన్నామనుకున్నాం. మాకు తెలియని మాట ఒక్కటి ఆవిడ నోట వస్తే, అది మాకు ఒట్టి గాలి. కట్టుకున్నవాడికి, చెవులకి హెడ్‌ఫోను పెట్టుకున్నా, ఒట్టి గాలే. అది అక్కకి ఆ హాల్లో, అందరి ముందూ తెలిసింది.

బావ స్పీకర్లు ఆపాడు, మిక్సరు ఆపాడు, కేబుళ్ళు చుట్టాడు. పిల్లలు గోలగా బయటికి పరిగెత్తారు. దారిపొడుగునా వ్యానులో ముగ్గురం రోడ్డునే చూస్తూ వచ్చాం.

అక్క స్టోరు రూములో పనిచేస్తోంది. సుద్దముక్కలు ఇస్తుంది, పుస్తకాలకి అట్టలు వేస్తుంది. బావ మీద కోపం లేదు. టైముకి టిఫిను పెడుతుంది, చొక్కాకి గుండీ కుడుతుంది. మాట్లాడటం మాత్రం మానేసింది. పిలవాలంటే గిన్నె మీద గరిటెతో కొడుతుంది. నాతో కూడా ఏదైనా అనడానికి ఆవిడ పెదాలు కదిపిన గుర్తు లేదు. ఆ కథ ఏమిటో రాసివ్వమని బావ కాగితం, పెన్నూ తెచ్చి ముందు పెట్టాడు. దాని మీద బజారు నుంచి తేవాల్సిన కూరలు రాసిచ్చింది.

మొన్న సాయంత్రం నేనక్కడే ఉన్నాను. బావ టీవీ కట్టేశాడు, ఫ్యాను కట్టేశాడు, కిటికీ మూశాడు. కుర్చీ లాక్కుని అక్క మోకాళ్ళకి ఎదురుగా కూర్చున్నాడు. "చెప్పవే" అన్నాడు. "ఎంతసేపైనా వింటాను. తెలియకపోతే తెలియలేదనే అంటాను. ఒట్టు. మళ్ళీ అడుగుతాను, మళ్ళీ చెబుదువుగాని." నేను నా కాళ్ళకేసి చూసుకున్నాను.

అక్క ఆయన ముఖాన్ని చాలాసేపు చూసింది. పెదాలు విడివడ్డాయి. చెబుతుందనుకున్నాను. ఆయన ఇంకా ముందుకి వంగాడు, చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. ఆ చెవిని అక్క అరచేత్తో మెల్లిగా మూసింది. తర్వాత లేచి, ఆరిన బట్టలు తీసుకురావడానికి డాబా మీదకి వెళ్ళింది.