ముద్ర పడని సామలు

2001 జూన్‌లో నన్ను విశాఖ మన్యంలో హుకుంపేట అవతల ఒక సంత ఊరి శాఖా గ్రంథాలయానికి మూడో గ్రేడు లైబ్రేరియన్‌గా వేశారు. సిబ్బంది ఇద్దరమే: నేను, ఆ కొండల్లోనే పుట్టిపెరిగిన అటెండరు లచ్చన్న. ఏజెన్సీలో వానాకాలం గడ్డుకాలం. పాత గింజ అయిపోతుంది, కొత్త పంట ఇంకా చేతికి రాదు. అందుకని పాత పత్రికల బీరువా ఖాళీ చేసి తిండిగింజల డబ్బాలు పెట్టాం. ఉన్నవాళ్ళు తెచ్చి పోసేవారు, లేనివాళ్ళు సంత రోజున పట్టుకెళ్ళేవారు. పేరు, సంతకం అడిగేవాళ్ళం కాదు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే అధికారికి ఏం చెప్పాలన్నదే నా బెంగ.

సెప్టెంబరుకి డబ్బాలు అడుగంటాయి. అప్పుడే మైదానం నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక షావుకారు బస్తాడు సామలు పంపాడు. వేరే లోయలో ముందుగా కోతకొచ్చిన కొత్త పంట. నేను సంబరపడిపోయి, అడుగున మిగిలిన పాత సామల మీదే వాటిని పోసేశాను.

ఆ సంతకి బుద్రి అనే ఆమె ఇద్దరు పిల్లలతో తడుస్తూ వచ్చింది. మొగుడు జ్వరంతో మంచం పట్టాడని, రెండు రోజులుగా పొయ్యి వెలగలేదని లచ్చన్న చెప్పాడు. ఆమె గుప్పెడు గింజలు తీసి, వాసన చూసి, మళ్ళీ డబ్బాలో పోసేసింది.

"కొత్తవి బాబూ. మా ఊర్లో పండగవ్వనేదు. తినకూడదు" అంది.

నాకు ఒళ్ళు మండింది. పిల్లలు మాడుతుంటే ఈ పట్టింపులేమిటని అరిచాను. ఆమె పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది.

"ఆళ్ళు కొత్త గింజ కొత్త పండగనాడు దేవతకి పెట్టందే తినరండి. కొత్త పుస్తకం వచ్చిన్రోజే మీరిచ్చేత్తారేటండి? నెంబరెయ్యాల, ముద్ర కొట్టాల అంటారు గదా" అన్నాడు లచ్చన్న.

ముందురోజే కొత్త నిఘంటువు కోసం వచ్చిన ఒక మాస్టారిని, రిజిస్టరులో ఎక్కలేదని వట్టి చేతులతో పంపేశాను. అది నాకు పట్టింపుగా తోచలేదు. సిగ్గేసింది.

లచ్చన్న ఇంట్లో కిందటేటి రాగులు, వాళ్ళ మాటలో చోళ్ళు, ఉన్నాయి. "బేగి రండి, కొండెక్కేత్తాది" అంటూ అతను మూటతో ముందు పరిగెత్తాడు. లైబ్రరీకి తాళం వేసి నేనూ వెనకపడ్డాను. కొండదారి మొదట్లో ఆమెను అందుకున్నాం. చోళ్ళు వాసన చూసి మూట తీసుకుంది. నా వంక చూడలేదు.

ఆనాటి నుంచి పాతవి ఒక అరలో, కొత్తవి ఒక అరలో పెట్టాం. తన ఊరి పండగయ్యాక బుద్రి మానెడు కొత్త సామలు తెచ్చి, ఏ డబ్బాలో పొయ్యాలో నన్నే అడిగింది. పండగవ్వని ఊరివాళ్ళకి ఇవ్వొద్దని గట్టిగా చెప్పింది. అలాగేనని చీటీ రాసి అంటించాను.

రూల్సు ఆఫీసుకే ఉంటాయని అన్నేళ్ళూ అనుకున్నాను. నా రూలు పై అధికారి ఒక్క ఫోను చేస్తే లొంగిపోయేది. ఆమె రూలు ఆకలికీ లొంగలేదు.